పెళ్లి ఆల్బమ్ పనికి ఏ మానిటర్ కొనాలి?

“నా సిస్టమ్‌లో బాగానే ఉందన్నా, ల్యాబ్ నుంచి ప్రింట్ నల్లగా వచ్చింది.” ఆల్బమ్ డిజైనింగ్‌లో ఉన్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు. దాని వెంటే రెండో మాట వస్తుంది: “మానిటర్ మార్చేద్దామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావు?” అక్కడి నుంచి 4కే, అడోబీ ఆర్‌జీబీ, డెల్టా ఈ, 10 బిట్ అంటూ చర్చ ఎటో వెళ్లిపోతుంది. ప్రింట్ ఎందుకు నల్లగా వచ్చిందో ఎవరూ అడగరు. మానిటర్ మార్చాక కూడా ప్రింట్ నల్లగానే వస్తుంది.

నన్నెవరైనా సలహా అడిగితే బడ్జెట్ ఎంత అని మొదట అడగను. మీరు చేసిన ఫోటోని చివరికి ఎవరు, దేని మీద చూస్తారు అని అడుగుతాను. దీనికి జవాబు వస్తే సగం మోడళ్లు వాటంతట అవే పక్కకి వెళ్లిపోతాయి.

మన ఊళ్లలో పెళ్లి స్టూడియో పని ఎక్కువగా రెండు దారుల్లో పోతుంది. ఒకటి ల్యాబ్‌కి వెళ్లి 12 ఇంటూ 36 అంగుళాల షీట్లుగా ఆల్బమ్ అయి తిరిగొస్తుంది. రెండోది వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెళ్లివాళ్ల ఫోన్లకి చేరుతుంది. ఈ రెండు దారుల్లోనూ మామూలుగా నడిచేది ఎస్‌ఆర్‌జీబీ. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తయారుచేసిన రంగుల కొలత అది. మామూలుగా ల్యాబ్‌లు తీసుకునేది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఫైలే. ఆ రంగులన్నిటినీ నిజాయితీగా చూపించే మానిటర్ ఉంటే ఈ పనికి సరిపోతుంది. ఇక్కడ బరువంతా ‘నిజాయితీగా’ అన్న దగ్గరే ఉంది, ‘ఇంకా ఎక్కువ రంగులు’ అన్న దగ్గర లేదు.

అడోబీ ఆర్‌జీబీ 1998లో వచ్చింది. ఎస్‌ఆర్‌జీబీ కంటే దానికి పరిధి పెద్దది. ముఖ్యంగా ఆకుపచ్చలు, నీలి ఆకుపచ్చలు అందులో బాగా ఎక్కువ. సొంతంగా పిగ్మెంట్ ఇంకుల ప్రింటర్ పెట్టుకుని ఆర్ట్ పేపర్ మీద ప్రింట్లు తీసేవాళ్లకి, ఎగ్జిబిషన్లకీ సలాన్ పోటీలకీ పెద్ద ప్రింట్లు పంపేవాళ్లకి, అడవులూ పక్షులూ తీసేవాళ్లకి అది పనికొస్తుంది. ఎందుకంటే ఆ ప్రింటర్లు కొన్ని రంగుల్లో ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటి అచ్చు వేయగలవు. పెళ్లి ఆల్బమ్‌కి ఆ అవసరం అరుదు. పైగా ఒక ప్రమాదం ఉంది. ఫైలు అడోబీ ఆర్‌జీబీలో సేవ్ చేసి, ఎస్‌ఆర్‌జీబీ అనుకుని ప్రింట్ చేసే ల్యాబ్‌కి పంపారనుకోండి, ముఖాలు పాలిపోయి, పట్టుచీర వెలిసిపోయి వస్తుంది. ల్యాబ్‌వాళ్లని తిట్టుకోవడం తప్ప కారణం ఎవరికీ అంతుపట్టదు.

నల్లగా ఎందుకు వస్తుంది

మానిటర్ కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసి ఆన్ చేస్తే వెలుతురు చాలావరకు 250 నిట్స్ (స్క్రీన్ వెలుతురుని కొలిచే లెక్క) పైనే ఉంటుంది. షాపులో పక్క మానిటర్ కంటే తళతళలాడాలి కదా మరి. ఫోటో పనికి కావలసింది 80 నుంచి 120 నిట్స్ మధ్య. 300 నిట్స్ దగ్గర కూర్చుని కలర్ కరెక్షన్ చేస్తుంటే, 100 దగ్గర చేసేదాంతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు కంట్లో పడుతుంది. ఫోటో ఓవర్ అయినట్టు అనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు. ఆ తగ్గించిన ఫైలే ల్యాబ్‌కి వెళ్తుంది. కాగితానికి సొంత వెలుతురు ఉండదు, గదిలో వెలుతురుని తిరిగి పంపడమే దాని పని. అందుకే ఆల్బమ్ విప్పేసరికి మండపం అంతా సాయంత్రం ఏడైనట్టు కనిపిస్తుంది.

దీనికి కొత్త మానిటర్ అక్కర్లేదు, ఉన్నదాని బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలు. కొలిచే పరికరం లేకపోతే ఒక తెల్ల కాగితాన్ని గది వెలుతురులో స్క్రీన్ పక్కన పట్టుకోండి. ఫోటోషాప్‌లో ఖాళీ తెల్ల డాక్యుమెంట్ తెరవండి. రెండూ దాదాపు ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ దించండి. మొదటి రోజు స్క్రీన్ చచ్చిపోయినట్టు ఉంటుంది, కళ్లు తొందరగానే అలవాటు పడతాయి. ఇది ఉజ్జాయింపు పద్ధతే, అయినా చాలా స్టూడియోల్లో సగం గొడవ దీనితోనే తీరిపోతుంది.

గది కూడా ఇందులో భాగమే. వెనకాల ఆకుపచ్చ గోడ, ముందు గులాబీ రంగు కర్టెన్, నెత్తి మీద పసుపు బల్బు పెట్టుకుని లక్ష రూపాయల మానిటర్ కొన్నా మీ కళ్లు ఆ రంగులకి తగ్గట్టే చూస్తాయి. గోడకి లేత బూడిద రంగు, కిటికీకి దళసరి తెర, స్క్రీన్ మీద నేరుగా పడని తెల్లని లైటు ఉంటే చాలు. ఫోటోషాప్ బ్యాక్‌గ్రౌండ్ కూడా బూడిద రంగులోనే ఉంచండి. ఎడిటింగ్ చేసే కుర్రాళ్లకి ఒక అలవాటు ఉంది: పగలు షట్టర్ తీసి ఎండలో పనిచేస్తారు, రాత్రి లైట్లన్నీ ఆర్పేసి చేస్తారు. ఒకే పెళ్లిలో ముహూర్తం ఒక రంగు, రిసెప్షన్ ఇంకో రంగు రావడానికి ఇంతకంటే కారణం వెతకనక్కర్లేదు.

ఒక కేబుల్ తంటా కూడా చెప్పాలి. హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు కొన్ని గ్రాఫిక్స్ కార్డులు మానిటర్‌ని టీవీ అనుకుంటాయి. 0 నుంచి 255 వరకు ఉండాల్సిన సిగ్నల్‌ని 16 నుంచి 235కి కుదించి పంపుతాయి. దాంతో నలుపు బూడిదలా కనిపిస్తుంది. తెలియక కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోతాం, ప్రింట్‌లో పెళ్లికొడుకు కోటు ఒక నల్ల మచ్చగా మిగులుతుంది. ఎన్‌విడియా కార్డు అయితే కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ని ‘ఫుల్’ చేయండి. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి, ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

ఐపీఎస్, వీఏ, ఓఎల్‌ఈడీ

ఇవి మానిటర్ ప్యానెళ్లలో రకాలు. ఈ విషయంలో నాకు పెద్దగా ఊగిసలాట లేదు. ఫోటో పనికి ఐపీఎస్. టీఎన్ ప్యానెల్ గురించి మాట్లాడుకోనక్కర్లేదు, తల కాస్త పైకెత్తితే రంగు మారిపోయే సరుకు అది.

వీఏ దగ్గరే చాలామంది పడిపోతారు. 3000:1 కాంట్రాస్ట్ (నలుపు కంటే తెలుపు ఎన్ని రెట్లు వెలుగో), చిక్కటి నలుపు, వంపు తిరిగిన స్క్రీన్, ధర కూడా తక్కువ. సినిమాకి బాగుంటుంది. పెళ్లికూతురి జడ ఫోటో ఒకటి తెరిచి చూడండి, తేడా అక్కడ తెలుస్తుంది. సూటిగా కూర్చుంటే జడ అంతా ఒకే నల్లటి ముద్ద, జడబిళ్లల బంగారం ఒక్కటే మెరుస్తుంది. తల కొంచెం పక్కకి జరపండి, వెంట్రుకల పాయలు బయటికొస్తాయి. వీటిలో ప్రింట్‌లో వచ్చేది ఏది? చెప్పలేరు. ముదురు నీడలు చూసే కోణాన్ని బట్టి మారిపోవడం వీఏ స్వభావం. నల్ల కోట్లు, ముదురు పట్టుచీరలు, రాత్రి రిసెప్షన్లు రోజూ చేసే మనకి అది సరిపడదు. వంపు స్క్రీన్ మీద ఆల్బమ్ షీటు గీతలు నిటారుగా ఉన్నాయో లేదో తేల్చుకోవడం ఇంకో చికాకు.

ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ 1000:1 దగ్గరే ఉంటుంది, తక్కువ కదా అనిపిస్తుంది. కానీ మంచి గ్లాసీ ప్రింట్‌లో కూడా తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా కొన్ని వందల రెట్లకి మించదు. కాగితం చూపించలేని నలుపుని స్క్రీన్ మీద చూసి మురిసిపోతే ఆల్బమ్ వచ్చిన రోజున నిరాశే. ఐపీఎస్ బ్లాక్ అనే కొత్తరకం ప్యానెల్‌లో అది 2000:1 నుంచి 3000:1 వరకు వస్తుంది. వీడియో కూడా చేసేవాళ్లకి అది మంచి మధ్యేమార్గం. 

ఓఎల్‌ఈడీకి కూడా కాగితం చూపించలేని నలుపు గురించి చెప్పిన మాటే. దానికి తోడు ఫోటోషాప్ టూల్‌బార్, లేయర్ల ప్యానెల్ రోజంతా ఒకే చోట కదలకుండా ఉంటాయి. ఏళ్ల తరబడి అలా ఉంటే వాటి ఆనవాలు స్క్రీన్ మీద శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. కంపెనీలు దానికి జాగ్రత్తలు పెడుతున్నాయి, అయినా డిజైనింగ్ సిస్టమ్‌కి నేనైతే వద్దంటాను.

సైజు, రిజల్యూషన్

12 ఇంటూ 36 షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 10800 ఇంటూ 3600 పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ మానిటర్ అడ్డంగా 1920 పిక్సెళ్లే. అంటే షీటు మొత్తం స్క్రీన్‌లో పట్టాలంటే 18 శాతం జూమ్‌లో చూస్తున్నట్టు. ఫోటోషాప్ ప్యానెళ్లు ఆక్రమించే చోటు తీసేస్తే ఇంకా తక్కువ. క్యూహెచ్‌డీలో, అంటే 2560 ఇంటూ 1440లో, అది 24 శాతం దాకా వస్తుంది. 4కేలో, అంటే 3840 ఇంటూ 2160లో, దాదాపు 36 శాతం. చిన్న ఫోటోల్లో ఎవరి కళ్లు మూసుకుపోయాయో జూమ్ చేయకుండానే పట్టుకోవచ్చు. ఆల్బమ్ డిజైనర్‌కి రిజల్యూషన్ వల్ల వచ్చే అసలు లాభం ఇదే.

24 అంగుళాలకి ఫుల్ హెచ్‌డీ పర్వాలేదు, అంగుళానికి 92 పిక్సెళ్లు. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాల్లో ఇస్తే 82కి పడిపోతుంది. అంచులు మొరటుగా కనిపిస్తాయి. ఫోటో పనికి అది కొనకండి, ఎంత ఆఫర్ ఉన్నా సరే. 27 అంగుళాలకి క్యూహెచ్‌డీ అంటే 109. కంటికీ సుఖం, మెనూలూ మామూలు సైజులోనే చదవొచ్చు. 27లో 4కే అంటే 163. ఫోటో అద్భుతంగా కనిపిస్తుంది కానీ విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకోవాలి. కొన్ని పాత ఆల్బమ్ ప్లగిన్లు ఆ స్కేలింగ్‌ని పట్టించుకోవు, వాటి బటన్లు ఆవగింజంత కనిపిస్తాయి. ఇంకో మెలిక: అంత దట్టమైన స్క్రీన్ మీద 100 శాతంలో చూస్తే నాయిస్, షార్పెనింగ్ తక్కువగా ఉన్నట్టు అనిపిస్తాయి. 200 శాతంలో కూడా ఒకసారి చూసుకోవాలి.

4కే కొనే ముందు సిస్టమ్ వెనక్కి వంగి పోర్టు చూడండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే సెకనుకి 30 ఫ్రేములే వస్తుంది. మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండాలి.

పెట్టె మీద ఏం చదవాలి

చాలా తక్కువ. ‘1 ఎంఎస్’, ‘144 హెర్ట్జ్’ ఆటలాడేవాళ్లకి. ‘కోటి ఇస్ టు ఒకటి డైనమిక్ కాంట్రాస్ట్’ ఎవరికీ కాదు. ‘హెచ్‌డీఆర్ 400’ ముద్ర ఉన్నంత మాత్రాన ఫోటో ఎడిటింగ్‌కి ఒరిగేదేమీ లేదు. ‘1.67 కోట్ల రంగులు’ అంటే 8 బిట్ అని మాత్రమే అర్థం, ఆ రంగుల పరిధి ఎంతో అది చెప్పదు.

చూడాల్సింది ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ లేదా కనీసం 99. కొన్ని పెట్టెల మీద ఎన్‌టీఎస్‌సీ అనే పాత టీవీ రంగుల లెక్కలో రాస్తారు. ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అంటే దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. చవక ల్యాప్‌టాప్‌లలోనే కాదు, ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కూడా ఈ 45 శాతం ప్యానెల్ కనిపిస్తుంది. అలాంటి ల్యాప్‌టాప్ మీద కుంకుమ ఇటుకపొడిలా ఉంటుంది. సాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచుతారు. పెళ్లికూతురి నుదుట బొట్టు ప్రింట్‌లో మండిపోతూ వస్తుంది. ఎంత కాలిబ్రేట్ చేసినా (రంగులు కొలిచి సరిదిద్దినా) ప్యానెల్‌లో లేని రంగు రాదు కాబట్టి అలాంటి ల్యాప్‌టాప్‌కి బయటి మానిటర్ ఒక్కటే దారి.

డెల్టా ఈ 2 కంటే తక్కువ అని, ఫ్యాక్టరీ కాలిబ్రేషన్ రిపోర్టు పెట్టెలో ఉంటుందని రాసి ఉంటే మంచిదే. రంగు ఎంత తప్పిందో చెప్పే లెక్క అది, ఎంత తక్కువైతే అంత నయం. అయితే ఆ రిపోర్టు మామూలుగా ఒక ప్రత్యేక మోడ్‌లో కొలిచినది. మానిటర్ మెనూలో ఆ మోడ్ పెట్టకుండా ‘వివిడ్’లో వాడితే ఆ కాగితం దేనికీ పనికిరాదు. ఇంకొకటి: కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ బటన్ పనిచేయడం మానేస్తుంది. ముందే మెనూ తెరిచి చూసుకోండి. 300 నిట్స్ దగ్గర ఇరుక్కుపోతే మళ్లీ నల్ల ప్రింట్ల కథ మొదటికొస్తుంది.

ఎవరికి ఏది

ఇక అసలు ఎంపికలు. ధరలు ఆఫర్లని బట్టి ఊగుతుంటాయి కాబట్టి ఉజ్జాయింపుగానే తీసుకోండి.

20 వేల రూపాయల దరిదాపుల్లో ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ లాంటిది. 24 అంగుళాలు, ఐపీఎస్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 1920 ఇంటూ 1200. ఎత్తులో ఉన్న ఆ అదనపు 120 పిక్సెళ్లు చిన్నవేమీ కావు, టైమ్‌లైన్‌కో లేయర్లకో చోటిస్తాయి. కొత్తగా స్టూడియో పెట్టినవాళ్లకి, ఫోటో కలర్ కరెక్షన్ మాత్రమే చేసి డిజైనింగ్ బయటికి ఇచ్చేవాళ్లకి ఇది చాలు. ఇంకా తక్కువలో మామూలు ఆఫీసు ఐపీఎస్‌లు దొరుకుతాయి. ఎస్‌ఆర్‌జీబీ 99 అని స్పష్టంగా రాసి ఉంటే తీసుకోండి, రాయకపోతే వదిలేయండి.

30 వేల చుట్టుపక్కల అదే వరుసలో పీఏ278క్యూవీ. 27 అంగుళాల క్యూహెచ్‌డీ, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. నన్ను ఒక్కటి చెప్పమంటే ఆల్బమ్ డిజైనర్లకి ఈ తరహా మానిటరే చెప్తాను. ఈ మోడలే అని కాదు, 27 అంగుళాలు, క్యూహెచ్‌డీ, ఐపీఎస్, పూర్తి ఎస్‌ఆర్‌జీబీ అన్న నాలుగూ కలిసినది ఏదైనా సరే. డెల్‌లో, బెన్‌క్యూలో కూడా ఈ తరహావి ఉన్నాయి. పరిధి ఎస్‌ఆర్‌జీబీ దగ్గరే ఆగడం ఇక్కడ లోపం కాదు, రక్షణ. ఎందుకో చెప్తాను.

దానిపైన 4కే, విశాల పరిధి మానిటర్లు వస్తాయి. డెల్ యూ2723క్యూఈ డీసీఐ-పీ3లో (సినిమావాళ్లు వాడే, ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్ద పరిధి) 98 శాతం చూపిస్తుంది, ఐపీఎస్ బ్లాక్ ప్యానెల్. ప్రోఆర్ట్ పీఏ279సీఆర్‌వీ డీసీఐ-పీ3, అడోబీ ఆర్‌జీబీ రెండిట్లోనూ 99 శాతం అంటుంది. యూఎస్‌బీ-సీ ఒక్క కేబుల్‌తో ల్యాప్‌టాప్ చార్జింగ్ కూడా అవుతుంది. చూడ్డానికి కళ్లు చెదురుతాయి. చిక్కు ఎక్కడంటే, ఫోటోషాప్, లైట్‌రూమ్ మానిటర్ ప్రొఫైల్‌ని (ఆ మానిటర్ రంగుల్ని ఎలా చూపిస్తుందో రాసి ఉన్న ఫైలు) చదివి రంగులు సరిచేసుకుంటాయి, విండోస్‌లో ఆ పని చేయని ప్రోగ్రాములు ఇంకా చాలా ఉన్నాయి. తలంబ్రాల ఫోటో ఒకటి తీసుకోండి. ఫోటోషాప్‌లో బియ్యం లేత పసుపు. అదే ఫైలు ప్రొఫైల్ పట్టించుకోని వ్యూయర్‌లో తెరిస్తే నారింజకి దగ్గరగా, పెళ్లికూతురి బుగ్గలు జ్వరం వచ్చినట్టు ఎర్రగా. డిజైనర్ ఆ రెండోది నమ్మి సాచురేషన్ తగ్గించాడంటే ప్రింట్‌లో పసుపు పోయి ఉత్త బియ్యం మిగులుతుంది. అందుకే ఇలాంటి మానిటర్ కొంటే ఆల్బమ్ పని మొత్తం దాని ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో చేయండి. వీడియో గ్రేడింగ్ కూడా చేసేవాళ్లు, యూట్యూబ్‌కి 4కే ఇచ్చేవాళ్లు ఈ ధర పెట్టొచ్చు. ఆల్బమ్ ఒక్కటే అయితే ఆ తేడా డబ్బుతో కాలిబ్రేటర్ వస్తుంది.

లక్ష, ఆ పైన బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరుస, ఐజో కలర్‌ఎడ్జ్. వీటి గొప్ప రంగుల పరిధి ఒక్కటే కాదు. కాలిబ్రేషన్ సవరణ గ్రాఫిక్స్ కార్డులో కాకుండా మానిటర్ లోపలే నిలిచిపోతుంది. దానివల్ల ఆకాశం, గోడ లాంటి చోట్ల రంగు మెట్లు మెట్లుగా విరగడం తగ్గుతుంది. స్క్రీన్ మధ్యలో ఎంత వెలుతురో మూలల్లోనూ దాదాపు అంతే ఉండేలా సరిచేస్తాయి. ఐజో సీజీ2700ఎక్స్‌లో అయితే కొలిచే సెన్సర్ మానిటర్‌లోనే ఇమిడి ఉంటుంది. ల్యాబ్ నడిపేవాళ్లు, నగల కేటలాగులు, పట్టుచీరల బ్రాండ్లకి యాడ్ షూట్లు చేసేవాళ్లు కొనాల్సిన సరుకు ఇది. చీర రంగు ఒక ఛాయ తప్పితే కస్టమర్ సరుకు వెనక్కి పంపే వ్యాపారం అది. నెలకి రెండు మూడు పెళ్లిళ్లు చేసే స్టూడియోకి ఆ డబ్బు ఒక మంచి లెన్స్‌గా మారితే ఎక్కువ ఉపయోగం.

మ్యాక్ వాడేవాళ్లకి రంగుల వ్యవహారం కాస్త సులువు, ఆ సిస్టమ్ మొదటి నుంచీ ప్రొఫైళ్లని బాగా పాటిస్తుంది. యాపిల్ స్టూడియో డిస్‌ప్లే లాంటివి పెట్టెలోంచే బాగుంటాయి. స్క్రీన్ రంగుని తమంతట మార్చేసే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపేయడం మాత్రం మరిచిపోవద్దు. విండోస్‌లో నైట్ లైట్ కూడా అంతే. టీవీని మానిటర్‌గా వాడొచ్చా అని అడిగేవాళ్లుంటారు. కస్టమర్‌కి డిజైన్ చూపించడానికి వాడండి, కరెక్షన్‌కి వద్దు.

కాలిబ్రేటర్

ఇంత చెప్పాక కూడా స్టూడియోల్లో చివరికి కొననిది ఇదే. స్క్రీన్‌కి ఆనించి పెట్టే చిన్న పరికరం. డేటాకలర్ స్పైడర్, కాలిబ్రైట్ అని రెండు ప్రధాన రకాలు. అది స్క్రీన్ మీద రంగులు ఒక్కొక్కటే చూపించి, కొలిచి, మీ మానిటర్‌కి ఒక ప్రొఫైల్ రాసిపెడుతుంది. తప్పుడు తూకంరాయి పెట్టుకుని ఎంత జాగ్రత్తగా తూచినా సరుకు తేడా వస్తుంది కదా, కాలిబ్రేట్ చేయని మానిటర్ మీద పనీ అంతే. మానిటర్ కొత్తదే అయినా కాలం గడిచేకొద్దీ వెలుతురు, తెలుపు రంగు మారిపోతుంటాయి. అందుకే ఒకసారి చేసి వదిలేయకుండా నెలకో రెండు నెలలకో చేస్తుండాలి.

లక్ష్యాలు ఇవి పెట్టుకోండి: తెలుపు డీ65 (పగటి వెలుతురు లాంటి తెలుపు), గామా 2.2 (మధ్య ఛాయల వెలుతురు లెక్క), వెలుతురు 100 నిట్స్. కొలిచే ముందు మానిటర్ అరగంట ఆన్‌లో ఉండాలి. పరికరంతో వచ్చే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే డిస్‌ప్లేకాల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, కాస్త ఓపిక కావాలి.

ఒక్క స్టూడియోకి 15, 20 వేలు పెట్టి ఇది కొనడం బరువే. కానీ నెలకి ఒక గంట తప్ప పని లేని వస్తువు ఇది. మన దగ్గర చాలా ఊళ్లలో ఫోటోగ్రాఫర్ల అసోసియేషన్ ఉంటుంది. ఆగస్టు 19న ఫోటోగ్రఫీ దినోత్సవం చేసుకోవడంతో పాటు ఇలాంటిదొకటి ఉమ్మడిగా కొని తిప్పుకుంటే అందరికీ లాభం. లైసెన్స్ ఎన్ని సిస్టమ్‌లకి వర్తిస్తుందో మాత్రం చూసి కొనండి. డిజైనర్ విజయవాడలో, స్టూడియో తణుకులో ఉండి, ఇద్దరి స్క్రీన్లూ ఒకే లెక్కకి కాలిబ్రేట్ అయి ఉంటే “నాకు ఎర్రగా ఉంది, నీకెలా ఉంది” అనే ఫోన్లు సగం తగ్గుతాయి.

కాలిబ్రేట్ అయ్యాక ల్యాబ్‌ని వాళ్ల ప్రింటర్, పేపర్ ప్రొఫైల్ అడగండి. ఇస్తే ఫోటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో దాన్ని పెట్టి కంట్రోల్ వై నొక్కండి. పట్టుచీర ముదురు గులాబీ ప్రింట్‌లో ఎంత దిగుతుందో ముందే కనిపిస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో డెవలప్‌లో ఎస్ నొక్కితే అదే పని. ప్రొఫైల్ ఇవ్వని ల్యాబ్ అయితే నాలుగైదు ఫోటోలతో ఒక చిన్న టెస్ట్ ప్రింట్ వేయించుకుని స్క్రీన్ పక్కన పెట్టుకోండి.

కస్టమర్ ఫోన్ మాత్రం మన చేతిలో లేదు. శాంసంగ్‌లో ‘వివిడ్’ మోడ్ ఉంటే మీరు ఎంత పద్ధతిగా చేసినా రంగులు ఎగిరిపడతాయి. మీ ఫోన్‌ని ‘నేచురల్’లో పెట్టుకుని చూడండి. అవతలివాళ్లది ఎలా ఉంటే అలా, దాన్ని చూసి ఆల్బమ్ ఫైలు మార్చొద్దు.

కొనే రోజు

కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, మీ ఊరి షాపులో కొన్నా చేతిలో రెండు వస్తువులు ఉండాలి. ఒకటి, మీరు చేసిన ఆల్బమ్‌లో రంగులు బాగా వచ్చిన ఒక షీటు. రెండోది, అదే షీటు ఫైలు పెన్‌డ్రైవ్‌లో. మానిటర్‌ని ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టించి, బ్రైట్‌నెస్ తగ్గించి, షీటుని పక్కన పట్టుకుని చూడండి. మల్లెపూల దండలో రేకులు విడివిడిగా కనిపిస్తున్నాయా, తెల్ల ముద్దగా ఉన్నాయా? జరీ బంగారంలా ఉందా, పచ్చగా కొడుతుందా? షాపు లైట్ల కింద అంతా సరిపోదు, అయినా రెండు మోడళ్ల మధ్య తేడా తెలిసిపోతుంది. అమ్మేవాడు విసుక్కుంటే పక్క షాపు ఉంది.

పెన్‌డ్రైవ్‌లోనే పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మధ్య బూడిద రంగు ఇమేజ్‌లు కూడా పెట్టుకోండి. తెలుపు, రంగుల మీద చచ్చిన పిక్సెళ్లు దొరుకుతాయి. నలుపు మీద మూలల్లోంచి కారే వెలుతురు, బూడిద మీద ఒక పక్క గులాబీ, ఇంకో పక్క ఆకుపచ్చ ఛాయ బయటపడతాయి. ఐపీఎస్‌లో మూలల్లో కొద్దిగా మెరుపు మామూలే, దానికి గాభరా పడొద్దు. మధ్యలో మచ్చ ఉంటే మాత్రం తీసుకోవద్దు.

ఆన్‌లైన్‌లో అయితే ఈ పరీక్షలన్నీ మానిటర్ వచ్చిన రోజే చేయండి. రీప్లేస్‌మెంట్ గడువు తక్కువ ఉంటుంది, సీజన్‌లో పెళ్లి మీద పెళ్లి ఉంటే పెట్టె విప్పడానికే వారం పడుతుంది. ఒకటీ రెండూ చచ్చిన పిక్సెళ్లకి వారంటీలో మార్చని కంపెనీలు ఉన్నాయి, ఆ నిబంధన బిల్లు కట్టే ముందే అడగండి. స్టాండ్ ఎత్తు తగ్గుతుందో లేదో కూడా చూసుకోండి, స్క్రీన్ పై అంచు మీ కళ్ల మట్టానికి మించకూడదు. పాత మానిటర్‌ని అమ్మేయకండి. వందకో రెండొందలకో పోయే బదులు పక్కన పెట్టుకుంటే ఫోల్డర్లు, వాట్సాప్, ప్యానెళ్లు దాని మీదకి నెట్టేసి కొత్తదాన్ని మొత్తం ఫోటోకే వదిలేయొచ్చు.